వేపమండ కట్టిన ఇల్లు

ఆ గురువారానికి ఎలీషబా చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పొద్దున ప్రార్థన, పగలు పల్లెకంతా అన్నం, ఎండ వాలే వేళకు మిషను దొరసాని వచ్చి దీవించి పోవడం, ఆపైన పోలయ్య బండి. బండి కదిలితే మర్నాటికి మార్కాపురం స్టేషను, అక్కణ్ణుంచి రైల్లో మద్రాసు, మద్రాసులో ఓడ. ఓడ దిగితే నేటాలు. నేటాలంటే ఎక్కడో సముద్రాల అవతల, తెల్లవాళ్ళ చెరుకుతోటలున్న దేశం. మనవాళ్ళు వేలకు వేలమంది కూలికని పోయి అక్కడే ఉండిపోయారు. వాళ్ళకు తెలుగులో వాక్యం చెప్పే మనిషి కావాలని మిషనువాళ్ళు వెతికి వెతికి, పుల్లలచెరువు పక్కన గుట్టకిందిపల్లెలో పన్నెండేళ్ళుగా బడీ గుడీ రెండూ నడుపుతున్న నిత్యానందాన్ని ఎంచారు. ఆ నిత్యానందం భార్యే ఎలీషబా.

పోతున్నది నిత్యానందమని పల్లెంతా అనుకుంది కానీ, అసలు పోతున్నది ఎలీషబా. ఆమెకు తోడబుట్టినవాడు ఒక్కడే, పుల్లయ్య. తల్లీ తండ్రీ గత్తర తగిలి ఒక్క వారంలో పోతే, తన వంతు సంకటి కూడా చెల్లెలి ముంతలో వేసి పెంచినవాడు. చెల్లెలికి పెళ్ళి చేసిన మరుసటేడే, వానలు లేక చెట్ల బెరడు దంచుకు తిన్న ఏడు, కూలీల ఏజెంటు వెంట నేటాలు పోయాడు. పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో వచ్చింది ఒకే ఒక్క ఉత్తరం, అదీ ఎవరి చేతనో రాయించింది. బతికే ఉన్నాను, దగ్గు వదలడం లేదు, నిన్ను ఒక్కసారి చూడాలని ఉంది, అని. అందుకే "నేటాలు పోతారా?" అని దొరసాని అడిగినప్పుడు, నిత్యానందం గొంతు సవరించుకునేలోపలే ఎలీషబా "పోతాం" అనేసింది.

నిత్యానందం సంగతి వేరు. మోకాటి లోతు వాగు దాటాలన్నా కళ్ళు గట్టిగా మూసుకునే మనిషి. కానీ నేటాలు పోతే తలమీద చేతులుంచి అయ్యగారిని, అంటే గుడికి పూర్తి పాదిరిని, చేస్తారట. పంతులయ్య కాస్తా అయ్యగారవుతాడు. ఆ ఆశ ఒకవైపు, ఈ భయం ఒకవైపు లాగుతుంటే, సంఘపెద్ద అబ్రహాము ఒక ఉపాయం చెప్పాడు. పోలయ్య బండిని దున్నిన చేలో తోలిస్తే, అందులో నిలబడి ప్రసంగం చెయ్యడం నేర్చుకోవాలి. ఓడ కూడా అంతేనట. అబ్రహాము ఓడను ఎన్నడూ చూడలేదు. నిత్యానందం రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ నిత్యజీవం గురించి చెబుతూనే.

ఇక ఓడ ఎక్కాలంటే టీకా పట్టినట్టు కాగితం కావాలి. ఎలీషబాకు చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది గనక మొహం మీది మచ్చలే ఆమెకు కాగితం. నిత్యానందానికి మాత్రం ఎనిమిది రోజుల కిందట మార్కాపురంలో ఎడమచేతికి టీకా వేశారు. పొక్కు బాగా లేస్తే పట్టినట్టు. రైలెక్కే ముందు టీకాలాయన ఆ పొక్కు చూసి కాగితం రాసిస్తాడు. పొక్కు లేచింది, చెప్పొద్దూ, రేగిపండంత లేచింది. దానితోపాటు ఒళ్ళు కూడా వెచ్చబడి, ఆ గురువారం పొద్దున నిత్యానందం పంచలో చాప మీద చెయ్యి బయట పడేసి మూలుగుతూ పడుకున్నాడు.

ఎలీషబా నీళ్ళకు పోయిన వేళకు ఓబులమ్మ వచ్చింది. నల్లమల అంచు గూడెంలో ఉండే ముసలామె. తేనే కుంకుడుకాయలూ తెచ్చి ఇచ్చి జొన్నలు పట్టుకుపోతుంది. ఎలీషబా మీద ప్రాణం ఆమెకు. ఆ ప్రాణంతోనే, ఎలీషబా కడవతో తిరిగొచ్చేసరికి, గడపకు అటొకటి ఇటొకటి పచ్చని వేపమండలు కట్టి, వాకిట్లో పసుపునీళ్ళు చల్లి, అరుగు మీద కూర్చోనుంది.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"అమ్మ వచ్చింది బిడ్డా. నీ మొగుని చేతిమీద ముత్యం లేచింది, ఒళ్ళు పెనం మాదిరి కాలుతాంది. ఈ హడావుడిలో నువ్వు చూసుకున్నట్టు లేదు."

"అది టీకా పెద్దమ్మా. సూదితో పొడిచినారు."

"పొడిస్తే వచ్చినా, తనంతట తాను వచ్చినా, వచ్చింది ఆమే గదా. నీళ్ళు దాటి పోయేవాళ్ళు, చల్లబరిచి పోండి." ఓబులమ్మ గొంతు తగ్గించింది. "ఆ పొద్దు నీ కొడుకప్పుడు ఆకు కట్టనియ్యకపోతిరి. ఏమైంది?"

ఎలీషబా కడవ దించింది. మండ తెంపెయ్యాలని చెయ్యెత్తింది. ఆకు అందింది. అందిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ళ కిందట మూడేళ్ళ కొడుకు అమ్మవారు పోసి ఇదే చాప మీద పడుకున్నాడు. అప్పుడు నిత్యానందం ఆకు తేనివ్వలేదు. మందు పోశారు, ప్రార్థన చేశారు, పిల్లవాడు ఐదోనాడు పోయాడు. ఆకు కట్టి ఉంటే బతికేవాడని ఎలీషబా ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. కట్టినా బతికేవాడు కాదని తనకు తాను చెప్పుకోవడం మాత్రం ఈ ఆరేళ్ళలో ఎన్నడూ పూర్తి కాలేదు. ఇంకోసారి చెయ్యెత్తింది. మళ్ళీ దించింది. "దొరసాని వచ్చేలోపల తీస్తాలే" అనుకుని నీళ్ళు లోపలికి పట్టుకుపోయింది. ఓబులమ్మ జొన్నలు కొంగున కట్టుకుని, పెద్ద పని చేసిన మనిషిలాగా తృప్తిగా వెళ్ళిపోయింది.

అంతే. ఇంక చూసుకోండి.

ముందు దానమ్మ వచ్చింది, అబ్రహాము భార్య. ఆనాటి విందుకు వంట ఆమెదే. చేతిలో పన్నెండు కోళ్ళు, కాళ్ళు కట్టి తలకిందులుగా పట్టుకోనుంది. వాకిట్లో అడుగుపెట్టబోయి పెట్టిన కాలు వెనక్కి తీసింది.

"వదినా! ఎప్పుడు దిగింది?"

"ఏదీ దిగలేదు వదినా. ఓబులమ్మ తెలియక కట్టిపోయింది. లోపలికి రా."

"వస్తాలే. పప్పుకు తాలింపు పెట్టాల్నా వద్దా?"

"ఎందుకు పెట్టవు?"

"అమ్మవారున్న ఇంట తాలింపు వాసన తగిలితే ఊరుకుంటుందా? కోళ్ళను కొయ్యడం అసలే కూడదు." అని అక్కడే గొంతుక్కూర్చుని పన్నెండింటి కట్లూ విప్పేసింది. కోళ్ళు ఒక్క క్షణం నమ్మలేక అలాగే పడుకుని, తర్వాత రెక్కలు విదిలించి దిబ్బ మీదికి పరుగెత్తాయి. ఆ పల్లెలో ఆనాడు సువార్త అందింది వాటికే.

ఈ అలికిడికి నిత్యానందం లేచాడు. గడప చూశాడు. "ఏమే, ఈ ఆకు ఎవరు కట్టినారు?"

"ఓబులమ్మ."

"తెంపెయ్."

"నువ్వే తెంపు."

నిత్యానందం మండ వంక చూశాడు. పైకీ కిందికీ చూశాడు. "నాకు చెయ్యి నొప్పి."

"టీకా ఎడమచేతికి గదా వేసింది?"

"కుడిచేత్తో ఎడమచెయ్యి పట్టుకోనుండా, కనపడలా?"

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ కాసేపట్లో ఎవరో ఒకరు తెంపి ఉంటే ఈ కథే లేదు. ఇంతలో కంజిర మోగింది. అబ్రహాము ముందు నడుస్తుంటే సంఘమంతా పాడుకుంటూ వస్తోంది. ఆడవాళ్ళ చేతుల్లో దారిలో తినడానికని చేసిన అరిసెలు, కారప్పొడి, గోంగూర జాడీ. సందు మలుపు తిరిగారో లేదో, పాట చరణం మధ్యలో తెగిపోయింది. దానమ్మ అప్పటికే చెప్పాల్సిన చోట చెప్పేసింది. నలభైమందీ చింతదిమ్మె దగ్గరే ఆగిపోయారు.

"రాండి, రాండి!" అన్నాడు నిత్యానందం. "అక్కడ నిలబడినారేంది?"

"ఇక్కడే బాగుందయ్యా," అన్నాడు అబ్రహాము. "గాలి వస్తాంది."

"ఇది టీకా పొక్కయ్యా అబ్రహామూ! అమ్మవారు కాదు."

"టీకా అంటే ఏందయ్యా? ఆమెను సూదితో పిలవడమే గదా. పిలిస్తిరి, వచ్చింది. వచ్చినాక నువ్వు కాదంటే ఎట్ల?"

నిత్యానందానికి రోషం వచ్చింది. "పన్నెండేండ్లు గొంతు చించుకుని నేను చెప్పిందేంది? ఆ ఆకులో ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదయ్యా."

"అమ్మవారనేది ఉందా?"

"లేనే లేదు. మేము నమ్మం."

"మరి రా."

అబ్రహాము తలపాగా తీసి తల గోక్కున్నాడు. "మేము నమ్మమనే సంగతి ఆమెకు తెలియద్దా అయ్యా?"

అందరూ తలలూపారు. పన్నెండేళ్ళలో ఏ ప్రసంగానికీ ఆ తలలు అంత కలిసికట్టుగా ఊగలేదు.

"అయితే ఇప్పుడే తెంపి పారేస్తా చూడండి!" అని నిత్యానందం, నొప్పి కూడా మరిచి, కుడిచెయ్యి ఎత్తాడు. అంతే, నలభైమందీ ఒక్కసారే గొల్లుమన్నారు. "వద్దయ్యా! అమ్మ దిగిపోయి మూడు నీళ్ళు పోసేదాకా ముట్టుకోవద్దు! పల్లె మీద పడుతుంది!" ఒక తల్లి తన బిడ్డను కొంగు కింద దాచుకుంది. ఎలీషబా ఆ తల్లిని చూసింది. చూసి, మొగుడి చెయ్యి తానే పట్టుకుని దించింది. పొద్దున ఒక్కరికీ తెలియకుండా తెంపగలిగిన ఆకు, ఇప్పుడు ఊరంతా కాపలా కాస్తున్న ఆకయింది.

పోలయ్య ఎప్పుడు జారుకున్నాడో తెలియదు. కాడి కింద పెట్టేసి ఎద్దులను విప్పుకుని పోతున్నాడు. ఎలీషబా ఆ మనిషి వెంటపడింది. "పోలయ్య మామా! నీకు చిన్నప్పుడే అమ్మవారు పోసింది గదా, నీకేంది భయం?"

"నాకు పోసింది తల్లీ. ఎద్దులకు పొయ్యలేదు," అన్నాడు పోలయ్య, వెనక్కి తిరక్కుండా.

బండి లేకపోతే రైలు లేదు, రైలు లేకపోతే ఓడ లేదు. నెలకొక ఓడ. ఇది తప్పితే దొరసాని ఇంకొకరిని పంపుతుంది. పుల్లయ్య దగ్గు ఇంకో ఏడాది ఆగుతుందో లేదో ఎవరికి తెలుసు? "దొరసాని బండిలోనే మనమూ పోతాం," అంది మొగుడితో. "ఆమె చదువుకున్న మనిషి, ఆమెకు టీకా అంటే తెలుసు. నువ్వు కోటు వేసుకుని నిలబడు. చక్కగా కనపడితే చాలు."

ఆ కోటు కథ ఒకటి. మిషను దొర వాడి విడిచిన ఉన్ని కోటు. అందులో నిత్యానందాలు ఇద్దరు పడతారు. దాన్ని కుదించమని త్రిపురాంతకంలో దర్జీ సాయిబుకు ఇచ్చారు. సాయిబు మాట తప్పకుండా ఆ పొద్దే తెచ్చాడు. తెచ్చి, సందు చివరినుంచే గడపకున్న వేపమండ చూసి, కోటును అక్కడున్న తుమ్మచెట్టుకు తగిలించి, దూరం నుంచే ఒక సలాం పెట్టి పోయాడు. తెచ్చివ్వమంటే ఒక్కరూ కదల్లేదు. చివరికి నిత్యానందమే గడప దాటాడు.

"అయ్యో, దాటినాడు! పోసినాయన గడప దాటినాడు!"

జనం చెదిరిపోయారు. జాడీ పగిలింది, గోంగూర మట్టిపాలయింది, అరిసెలు కోళ్ళపాలయ్యాయి. నిత్యానందం కోటు కోసం అటు పరుగు, ఆయన ఎటు పోతే దానికి ఎదురుదిక్కుకు జనం పరుగు. ముళ్ళలోంచి కోటు పీకేసరికి దొరసాని బండి గంటలు వినిపించాయి. ఇంకేం చేస్తాడు, ఆ ఎండలో, ఆ జ్వరంలో, ఆ ఉన్ని కోటును అక్కడే తొడిగి గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. గుమ్మం చేరి నిలబడేసరికి మొహమూ మెడా ఎర్రగా చెమటకాయలు పేలి, కందిపప్పు అతికించినట్టయింది.

దొరసాని బండి ముప్పై గజాల దూరంలో ఆగింది. ఆమె వెంట ప్రభాకరరావు ఉన్నాడు. మార్కాపురం మిషను బళ్ళో పెద్ద టీచరు. వీడ్కోలు పాట పాడటానికి వచ్చాడు. అసలు నేటాలుకు తననే ఎంచుతారని కొత్త బూట్లు కూడా కొనుక్కున్న మనిషి. ఆ బూట్లే వేసుకొచ్చాడు.

దొరసాని దిగబోయి, గడప చూసి, చేతిగుడ్డ ముక్కుకు పెట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్న మనిషి, ఆ ఆకు అర్థం ఆమెకూ తెలుసు. "నిత్యానందమూ, నీవు అక్కడనే నిలువుము. నీ మొగమునకు ఏమి వచ్చినది?"

"చెమటకాయలు దొరసానమ్మా. ఇది టీకా జ్వరం. ఇదిగో పొక్కు చూడండి!" అని నిత్యానందం కోటు చెయ్యి పైకి లాగి రేగిపండంత పొక్కు చూపించాడు. ఆ దూరానికి, ఆ మొహం కింద, ఆ పొక్కు చూడగానే బండి తోలేవాడు ఎద్దులను నాలుగడుగులు వెనక్కి నడిపించాడు.

దొరసాని ఎలీషబా వైపు తిరిగింది. "ఎలీషబా, నీవు చెప్పుము. ఇది టీకా అయినయెడల ఆ ఆకు ఎందుకు? రోగమున్న యింటికి ఆకు కట్టుట ఇతరులను ఎడముగా నుంచు గుర్తు మాత్రమే; రోగము లేని యింటికి ఆకు కట్టుట విగ్రహపూజ. అటువంటి యింటివానిని నేను సముద్రము దాటించి పంపజాలను. ఇక్కడ కూడ ఉంచజాలను. నిజము చెప్పుము. ఇది పూజయా, మశూచియా?"

పల్లెంతా చెవులు రిక్కించింది. ఎలీషబా లోలోపల లెక్క వేసుకుంది. టీకా అంటే ఆకు పూజవుతుంది, మొగుడి పని ఊడుతుంది, ఉన్న గుడిసె కూడా మిషనుదే. మశూచి అంటే పని నిలుస్తుంది, ఓడ పోతుంది. ఓబులమ్మ కట్టిందని చెప్పొచ్చు. "మరి నీవు తీయలేదేమి?" అని అడిగితే? దానికి జవాబు ఎలీషబా దగ్గర ఉంది. కానీ అది దొరసానికి చెప్పే జవాబు కాదు.

మొగుడి వంక చూసింది. నిత్యానందం చెమటలు కక్కుతూ, పన్నెండేళ్ళు పనిచేసిన గుడి వంక చూస్తున్నాడు.

"మశూచే దొరసానమ్మా," అంది ఎలీషబా. "నిన్నటినుంచి. చెప్పడానికి భయపడినాం."

దొరసాని కళ్ళు చెమ్మగిల్లాయి. "నీ నష్టమునకే నీవు సత్యము పలికితివి. దీనిని నేను మరువను," అంది. ఎలీషబా జన్మలో దొరసాని నోట అంత మెప్పు పొందింది ఆ ఒక్క అబద్ధానికే.

మిగతాదంతా చిటికెలో అయిపోయింది. నలభై రోజులు వాళ్ళు ఇల్లు కదలకూడదు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. సిద్ధంగా ఉన్నవాళ్ళు ఎవరు? ప్రభాకరరావు బూట్లు కదిలించాడు. దొరసాని అక్కడికక్కడే ఆయన కోసం చేతులు జోడించి ప్రార్థన చేసి, నేటాలు మిషనుకు రాసి తెచ్చిన ఉత్తరంలో నిత్యానందం పేరు కొట్టేసి ఆయన పేరు రాసింది. నలభైమందీ దూరం నుంచే "ఆమేన్" అన్నారు.

బండి కదులుతుంటే ఎలీషబా లోపలికి పోయి చిన్న మూట తెచ్చింది. నువ్వులుండలు, అన్నకు కుట్టిన చొక్కా. పరుగెత్తి, బండికి కాస్త దూరంలో దుమ్ములో మూట పెట్టి వెనక్కి జరిగింది. "ప్రభాకరన్నా! మా అన్న పుల్లయ్య నేటాలులోనే ఉండాడు. దగ్గు మనిషి. ఇదొక్కటి ఇయ్యి. నీ కాళ్ళు మొక్కుతా."

ప్రభాకరరావు మూటను చూశాడు, దొరసానిని చూశాడు. "అది రోగం ఇంటి మూట చెల్లెమ్మా. ఓడలో నలుగురికీ అంటితే పాపం గదా. మీ అన్నకు నోటితో చెప్తాలే. ఆయన పేరేమన్నావు?"

"పుల్లయ్య."

"ఆఁ, పుల్లయ్య," అన్నాడు. బండి మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం ఆ గడప దాటి లోపలికి వచ్చింది ఓబులమ్మ ఒక్కతే. మజ్జిగముంత తెచ్చింది. మూలన ముడుచుకుని ఉన్న ఎలీషబాను చూసి, "జ్వరం తగ్గింది గదే, ఇంకా ఎందుకు ఏడుస్తావు? ప్రాణాలతో ఉండాడు, అది చాలదా?" అని వీపు నిమిరింది. ఎలీషబా ముంత అందుకుని మొగుడికి పోసింది. నిత్యానందం రెండు గుక్కలు తాగి, "అంతా మన మేలుకే" అన్నాడు. పెళ్ళాం తన వైపు తిరగడం చూసి మిగతాది మజ్జిగతోపాటు మింగేశాడు.

సోమవారం దొరసాని పంపితే టీకాలాయన వచ్చాడు. పొక్కును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ తాలూకాలో ఇంత బాగా పట్టిన టీకా నేను చూడలా!" అని మురిసిపోయి, ఇతను ఏ దేశానికైనా పోవచ్చునని కాగితం రాసి, ముద్ర కొట్టి, దొరసానికి చూపించమని వాళ్ళ చేతికే ఇచ్చి, అటునుంచటే పైఊళ్ళకు పోయాడు. ఓడ ఆదివారమే పోయింది. ఆ కాగితం ఏమయిందో అడగకండి. దాన్ని ఎలీషబా పొయ్యిలో పెట్టింది. అది దొరసాని కంటబడితే, గురువారం నాటి సత్యం నిలవదు.

మరో వారానికి ప్రభాకరరావు కూడా మార్కాపురం తిరిగొచ్చాడు. ఓడ మెట్టు మీద డాక్టరు చొక్కా చెయ్యి పైకి లాగమన్నాడట. లాగితే చెయ్యి నున్నగా ఉంది. దొరసాని తొందరలో టీకా మాటే ఎవరికీ గుర్తు రాలేదు. వేయించుకుని రమ్మనేసరికి ఓడ నిచ్చెన తీసేసింది.

నిత్యానందానికీ ఎలీషబాకూ అని ఓడలో డబ్బు ముందే కట్టి ఉంచిన ఆ రెండు చోట్లు మాత్రం, ఖాళీగానే, ఏ ఆటంకమూ లేకుండా నేటాలు చేరాయి.